ఇంత అతి పనికిరాదు

జాన్ ష్లెసింజర్ 1975లో తీసిన హాలీవుడ్ సినిమా ‘ది డే ఆఫ్ ది లోకస్ట్’ ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు: ‘బాగానే తీశాడు గానీ, చివర మరీ అతి చేశాడు.’ ఈ మాట సినిమా విడుదలైన నాటి నుంచీ ఉంది. పెద్దల మాట కాదనకూడదు కనుక ఆ అతి ఎక్కడుందో భక్తిశ్రద్ధలతో వెతుకుదాం.

కథలో హాలీవుడ్ వాళ్లు వాటర్లూ యుద్ధం షూటింగ్ చేసే సన్నివేశమా? స్టూడియోలో కొండ కట్టారు. పని ఇంకా పూర్తి కాలేదు. అయితేనేం, కెమెరా సిద్ధం, రోజు కూలీకి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు సిద్ధం. ఎక్కమన్నారు, ఎక్కారు. కొండ కూలింది. 1815లో నెపోలియన్‌ను ఓడించడానికి సైన్యాలకు సైన్యాలే కదలవలసి వచ్చింది. హాలీవుడ్‌లో ఆ పనికి నాలుగు వదులు మేకులు సరిపోయాయి. వీరులంతా మీసాలతో, కత్తులతో, పతకాలతో సహా పలకల సందుల్లోంచి జారి కిందపడి మూలుగుతారు. ఇందులో అతి ఏమిటో నాకు బోధపడలేదు. పొదుపు మాత్రం కనిపించింది: కొండ పూర్తయ్యేదాకా ఆగితే ఖర్చు కదా! మూలనవల రాసిన నథానియల్ వెస్ట్ హాలీవుడ్‌లో స్క్రిప్టులు రాసి పొట్టపోసుకున్నవాడు. 1939లో ఆ పుస్తకం తెచ్చేనాటికి ఈ పొదుపు ఆయనకు కొత్తేమీ కాదు.

ఇక అసలు నేరం, పతాక సన్నివేశం. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్ ముందు ప్రీమియర్ షో. తారలను చూడాలని జనం. హోమర్ సింప్సన్ అనే అమాయకుడు (ఇప్పుడా పేరు వింటే అందరికీ ‘ది సింప్సన్స్’లోని పసుపుపచ్చ కార్టూను బొమ్మే గుర్తొస్తుంది, అదో దుఃఖం) ఏళ్లుగా మింగుకున్న కసినంతా ఒక పిల్లవాడి మీద తీర్చుకుంటాడు. జనం హోమర్‌ను చీల్చేస్తారు. వ్యాఖ్యాత మాత్రం మైకు ముందు అభిమానుల ఉత్సాహాన్ని వర్ణిస్తూనే ఉంటాడు.

‘ప్రీమియర్ దగ్గర ప్రాణాలు పోవడమేమిటండీ, నమ్మేలా ఉండాలి కదా’ అంటారు మన విమర్శకులు.

నమ్మేలా లేదా? 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో, సంధ్య థియేటర్ దగ్గర ఏం జరిగింది? అదీ ప్రీమియర్ షోయే. కుటుంబంతో సినిమాకు వచ్చిన తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. కొడుకు కొన ఊపిరితో ఆసుపత్రికి చేరాడు. ఆ తర్వాత కూడా తప్పు ఆమెదేనన్నట్టు ‘అసలు పిల్లలతో ఎందుకు వెళ్లాలి’ అని సిగ్గులేకుండా అడిగినవాళ్లున్నారు. సినిమాకు టికెట్ కొనుక్కుని వెళ్లడం కూడా నేరమేనా?

ష్లెసింజర్ అతి చేశాడని ఇంకా అనిపిస్తే, ఆ ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పి రండి.