నీరు పల్లమెరుగు, పల్లం పక్కింటినెరుగు

వాన నీటిని ఇంట్లోంచి బయటికి పంపడంలో నాకు పన్నెండేళ్ల అనుభవం ఉంది. సివిల్ ఇంజనీరింగ్ చదవలేదు. మా హాల్లోకి మాత్రం రెండుసార్లు నీళ్లొచ్చాయి. మొదటిసారి సోఫా పోయింది, రెండోసారి కొత్త సోఫాతో పాటు ఇన్వర్టర్ కూడా పోయింది. ఈ అర్హతతో, హైదరాబాదులో సొంతిల్లు కట్టుకున్నవాళ్లకూ కట్టుకోబోయేవాళ్లకూ ఏ డ్రైనేజీ పద్ధతి మంచిదో చెప్పే బాధ్యత నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు లెక్క చూద్దాం. మాది ముప్పై బై అరవై ప్లాటు, అంటే 200 గజాలు, సుమారు 167 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వంద మిల్లీమీటర్లు కురిసిన రోజు ఒక్క మా స్థలంలోనే 16,700 లీటర్లు పడతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి, ఇంకా మిగులుతాయి. మే నెలలో ఆ ఒక్క ట్యాంకర్ కోసమే మా ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, డ్రైవర్‌కి ఫోన్ చేసి "బాబూ, నాయనా" అని బతిమాలుతుంది. ఆగస్టులో అవే నీళ్లు మూడు ట్యాంకర్లకు పైగా ఉచితంగా గుమ్మం దాకా వస్తే, వదిలించుకోవడానికి లక్షన్నర ఖర్చు పెట్టాను. ఇందులో వింతేమీ లేదు. మేలో అవి నీళ్లు, ఆగస్టులో అవి వరద. శాఖలు వేరు.

పద్ధతుల్లో అన్నిటికన్నా పాతది వాలు. వాకిలిని రోడ్డు వైపు కాస్త వాల్చి గచ్చు చేస్తే నీళ్లు వాటంతటవే పోతాయి. దీనికోసం మేస్త్రీని పిలిచాను. పాలమూరు మనిషి. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస నా చేతికిచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు. రెండో కొస పట్టుకుని తను మెట్ల దగ్గర కూర్చున్నాడు. నీటిమట్టం ఎంతకీ కదలడం లేదు. "సార్, బొటనేలు తియ్యుండ్రి. వేలు పెడితే నీళ్లు నిజం చెప్పయి" అన్నాడు. వేలు తీశాను. గొట్టంలో నీళ్లు పైకీ కిందికీ నాలుగుసార్లు ఊగి, నిలబడి, నిజం చెప్పేశాయి. మా వాకిలి కన్నా రోడ్డు ఐదంగుళాలు ఎత్తు.

ఇల్లు కట్టిన కొత్తలో రోడ్డు మీంచి రెండు మెట్లెక్కి వాకిట్లోకి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నాం. మేమైతే కదల్లేదు. ఈ పన్నెండేళ్లలో మా వీధికి మూడుసార్లు రోడ్డు వేశారు, మూడుసార్లూ ఉన్న రోడ్డు మీదే వేశారు. పాత తారు గీకి తీసేసి, అదే మట్టానికి కొత్తది వేయాలని ఇంజనీర్లు అంటారు. కానీ గీకిన పని ఎవరికీ కనబడదు, వేసిన పని కనబడుతుంది. కొబ్బరికాయ కొట్టడానికి కనబడే పనే కావాలి.

వాస్తు కూడా చూపించాం, ఎందుకంటే మా ఆవిడ తరఫువాళ్లు ఊరుకోరు. శాస్త్రం ప్రకారం నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలి, నీళ్లు ఈశాన్యం నుంచే బయటికి వెళ్లాలి. బాగుంది. అయితే మాది పడమర రోడ్డు. ఈశాన్యం అంటే ఇంటి వెనక మూల. అక్కడ రోడ్డు లేదు, వెనకింటివాళ్ల తులసికోట ఉంది. సిద్ధాంతిగారు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించారు. నీళ్లు ముందు ఈశాన్యానికి వెళ్లి, అక్కడ శాస్త్రం తృప్తి పడ్డాక, పైపులో ఉత్తర గోడ వెంట వెనక్కి వచ్చి పడమర రోడ్డు మీద పడవచ్చని సెలవిచ్చారు. అరవై అడుగుల పైపన్నమాట. నూటికి ఒకటి చొప్పున వాలు ఇస్తే రోడ్డు దగ్గరికి చేరేసరికి అది ఏడంగుళాలు కిందికి దిగుతుంది. రోడ్డేమో ఐదంగుళాలు పైన ఉంది. మొత్తం మీద నీళ్లు ఒక అడుగు ఎత్తు తమంతట తామే ఎక్కాలి. ఇదంతా విన్న మేస్త్రీ తలకు చుట్టిన తువ్వాలు విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. "సార్, నీళ్లకు ఈశాన్యం తెల్వదు. పల్లం తెలుసు" అన్నాడు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని పెద్దలు చెప్పిందీ ఇదే. వాళ్లు దక్షిణ తీసుకోలేదు కాబట్టి మనం పట్టించుకోలేదు.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో వాకిలంతా తిప్పి చూపించమని, "అన్నయ్యా, ఫ్రెంచ్ డ్రెయిన్ పెట్టించు, మా ఇంట్లో అదే" అన్నాడు. పేరు వినగానే మా ఆవిడకు నచ్చేసింది. సన్నటి కందకం తవ్వి, అడుగున చిల్లుల పైపు వేసి, చుట్టూ కంకర పోసి, మట్టి చొరబడకుండా గుడ్డ చుడతారు. నేలలోని తడి కంకరలోంచి పైపులోకి జారి, బయటికి పోతుంది. మంచి పద్ధతే. ఫ్రాన్సుకూ దీనికీ చుట్టరికం లేదు. 1859లో పొలాల్లో నిలిచిన నీటిని తీసే విధానం మీద హెన్రీ ఫ్రెంచ్ అనే అమెరికన్ ఒక పుస్తకం రాస్తే, ఆయన ఇంటిపేరు దీనికి అంటుకుంది. వృత్తిరీత్యా ఆయన లాయరు. కాలువల గురించి లాయరు రాయడమేమిటని ముందు ఆశ్చర్యపోయాను. మా వీధిలో పన్నెండేళ్లు కాపురం చేశాక, ఇంకెవరు రాయాలి అనిపిస్తోంది.

కాకపోతే ఏ పైపైనా ఎక్కడో ఒకచోట తేలాలి కదా. "మీదెక్కడ తేలుతుందిరా?" అని అడిగాను. "వెనకాల క్రీక్ ఉందిగా అన్నయ్యా" అన్నాడు. మాకూ వెనకాల వాగు ఉండేది. ఇప్పుడు దాని మీద ఫంక్షన్ హాలుంది. ఈ ఊళ్లో మాసబ్ ట్యాంకులో ట్యాంకు లేదు, నల్లకుంటలో కుంట లేదు. మనుషులందరం అడ్రసు మార్చుకున్నాం. నీళ్లు మాత్రం పాత అడ్రసుకే వస్తున్నాయి.

ఇంకుడు గుంత మాట ఎత్తకపోతే తప్పవుతుంది. వాన నీటిని ఇంకించే ఏర్పాటు ఉండాలని నీరు, భూమి, చెట్ల కోసం 2002లో చేసిన వాల్టా చట్టమే చెబుతోంది. మా ఇంటి ప్లానులో కూడా ఉంది, ఒక మూల చిన్న గడిలో, చక్కగా గీతలు గీసి. ప్లానులో ఉన్నంతకాలం అది ఒక్కసారి కూడా పొంగలేదు. తర్వాత నిజంగానే తవ్వించాం. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన దొడ్డు ఇసుక. ఫొటో తీసుకున్నాం. ఆ తర్వాత కారు కొన్నాం. గుంత ఇప్పటికీ ఉంది, పార్కింగ్ టైల్స్ కింద, దాహంతో. దాన్ని బతికించాలంటే ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి, పేరుకున్న ఒండ్రు కడిగి మళ్లీ పోయాలి. అంత శ్రమ ఎవరు పడతారండీ? కారునైతే వారానికోసారి కడుగుతాం.

ఎవరూ పైకి చెప్పని పద్ధతి ఇంకోటుంది. డాబా మీది పైపును తీసుకెళ్లి మురుగునీటి మ్యాన్‌హోల్‌లో కలిపేయడం. మన భాషలో వాన కాలువకూ మురుగు గొట్టానికీ కలిపి డ్రైనేజీ అనే ఒకే మాట ఉంది కాబట్టి, వాడకంలోనూ ఆ ఐకమత్యాన్ని పాటిస్తున్నాం. మా వీధిలో దాదాపు అందరూ పాటించారు. నలభై ఇళ్ల స్నానాల నీళ్ల కోసం వేసిన ఎనిమిదంగుళాల గొట్టం, నలభై డాబాల వానను కూడా మింగాల్సి వచ్చింది. అది మింగలేదు. కక్కింది. పై అంతస్తు వాళ్లు వదిలిన వాన కింది అంతస్తు బాత్రూమ్ జాలీలోంచి పైకి వచ్చింది. వస్తూ వస్తూ ఒంటరిగా రాలేదు. ఆ వివరాల్లోకి వెళ్లను, మీరు భోజనం చేస్తూ చదువుతూ ఉండవచ్చు.

ఇన్ని పద్ధతులు పరిశీలించాక మా వీధి మొత్తం ఏకగ్రీవంగా ఎంచుకున్నది ఎత్తు పద్ధతి. ఇందులో డిజైన్ అక్కర్లేదు, పైపులు అక్కర్లేదు. నాలుగు లారీల మొరం పోయించి, మీ వాకిలిని పక్కింటి కన్నా అరడుగు పైకి లేపాలి. అంతే. మిగతాది నీళ్లే చూసుకుంటాయి. డబ్బున్నవాళ్లు వాకిలితో సరిపెట్టుకోరు, పునాది కింద జాకీలు పెట్టించి ఇంటికిల్లే ఎత్తిస్తున్నారు. నాకంత స్తోమత లేదు గనక మొరంతో ఆగాను. అయినా ఖర్చు తడిసి మోపెడైంది. ఈ సామెతను నేను అక్షరాలా వాడుతున్నాను, ఎందుకంటే నాలుగో లారీ వచ్చిన రోజే వాన పడింది.

దీనికి న్యాయశాస్త్రం మద్దతు కూడా ఉంది. పైభూమి మీద పడి, కాలువంటూ లేకుండా సహజంగా కిందికి పారే నీటిని కింది భూమి యజమాని పారనివ్వాలని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం పైవాడికి ఒక హక్కు ఇచ్చింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంటే హక్కులన్నీ పైవాడివే. కాబట్టి వివేకవంతుడు చేయాల్సింది పైవాడు కావడం. నాలుగు లారీల మొరం పోశాక పారేది సహజంగా పారినట్టేనా అని మా లాయరు బంధువును అడిగాను. "మొరం సహజమే కదా బావా" అన్నాడు. కేసు వస్తే ఆయన్నే పెట్టుకుంటాను.

నేను లేపిన ఎండాకాలమే పక్కింటాయన అరడుగు లేపారు. ఆ పక్కాయన ముప్పావు. ఇదంతా చూస్తుంటే నాకు కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులు గుర్తొస్తాయి. పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువులోకి, అది నిండితే దాని కింది దానిలోకి. మావి గొలుసుకట్టు ఇళ్లు. వాళ్లు చెరువులతో చేసిన పనిని మేం డ్రాయింగ్ రూములతో చేస్తున్నాం. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచాక విశ్వేశ్వరయ్యగారిని పిలిపిస్తే, వరదను ఊరికి పైనే ఆపమన్నారు. అలా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మా వీధి ఆ సూత్రానికి చిన్న సవరణ చేసింది: కింద ఎవరింట్లో ఆగినా ఫరవాలేదు.

కింద ఆగేది వీధి చివరి ఇంట్లో. అక్కడ అద్దెకుండేవాళ్లు, మొరం పోయించే అధికారం వాళ్లకు లేదు. ఇంటి ఓనరుకు అవసరం లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి మా హాల్లో నీళ్లు మడమల దాకా వస్తే, వాళ్లింట్లో గ్యాస్ సిలిండర్ తేలింది. మరుసటి ఏడాది నుంచి తొలకరికి ముందే ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టడం మొదలుపెట్టారు. మొదటి ఏడాది ఒక వరస. మేమంతా ఎత్తు పెంచుకున్నాక రెండు. మొన్న కరెంటు బిల్లు పొరపాటున మాకొస్తే ఇవ్వడానికి వెళ్లాను. మూడు వరసలున్నాయి. వాళ్ల చిన్నమ్మాయి స్టూల్ వేసుకుని పై అరలోంచి సీసా తీసి, నాకు గ్లాసుతో చల్లటి నీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను.

నిజంగా పనిచేసే పద్ధతి ఒకటి ఉన్న మాట దాచడం ధర్మం కాదు. రోడ్డును గీకి పాత మట్టానికి తేవాలి. వీధి పక్క కాలువ మీద మనం పోసుకున్న ర్యాంపులు పగలగొట్టి దాన్ని తెరవాలి. ఏ డాబా నీళ్లు ఆ ఇంటి గుంతలోకి వదిలి, మిగిలినవే కాలువలోకి పంపాలి. దీని లోపమల్లా నలభై ఇళ్లవాళ్లూ ఒకచోట కూర్చోవాలి. ఒక ఆదివారం కూర్చున్నాం కూడా. ర్యాంపులు అనగానే అందరం నీళ్లు నమిలాం. నా ర్యాంపు నాలుగడుగులు ముందుకు ఉంది, నేనూ నమిలాను. ఆ మీటింగులో వినాయకుణ్ణి ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఏ గొడవా లేకుండా తేలింది.

పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి వాన దంచింది. కరెంటు పోయింది. నేను లుంగీ పైకి కట్టి, గొడుగు మెడకింద ఇరికించుకుని, కొబ్బరి చీపురుతో వాకిట్లో నీళ్లను గోడ కింది తూములోంచి అటు తోస్తున్నాను. అదే తూము దగ్గర అవతల పక్కింటాయన, అదే భంగిమలో, ఇటు తోస్తున్నారు. ఆయన తోసింది నాకొస్తోంది, నేను తోసింది ఆయనకు పోతోంది. పావుగంట ఇద్దరం ఒకే బకెట్టెడు నీళ్లను చాలా మర్యాదగా ఇచ్చి పుచ్చుకున్నాం. మధ్యలో వాళ్లబ్బాయి సంబంధం సంగతి అడిగాను, కుదిరేలా ఉందన్నారు. మా ఇన్వర్టర్ గురించి ఆయన అడిగారు.

వాన కాస్త తెరిపిచ్చాక ఆయన చీపురు గోడకు ఆనించి, "అన్నట్టు మీ మేస్త్రీ నంబరు ఉందాండీ? ఇంకో అరడుగు లేపుదామనుకుంటున్నా" అన్నారు.

ఇచ్చాను. ఇంట్లోకి రాగానే నేనూ మేస్త్రీకి ఫోన్ చేశాను.

"తెలుసు సార్, మీరు చేస్తరని" అన్నాడు. "ఎండాకాలం మీ గల్లీకే రాసిపెట్టుకున్న."