ఐడీ బ్లాకైతే అడిగే దిక్కేది?

ఉదయం లాగిన్ అయిన క్షణం నుంచి డెలివరీ బాయ్‌ను, క్యాబ్ డ్రైవర్‌ను నడిపించేది యాపే. ఏ ఆర్డర్ ఎవరికి వెళ్లాలో, ఎంత డబ్బు ముట్టాలో అదే తేలుస్తుంది. తెరపై ఆర్డర్ కనిపించిన కొద్ది సెకన్లలోనే ఒప్పుకోవాలి. కాదంటే ఆ తర్వాత ఆర్డర్లు తగ్గిపోతాయేమోనన్న టెన్షన్. ఎవరో కస్టమర్ కోపంతో ఇచ్చిన రేటింగ్‌కు ఐడీ బ్లాక్ కావచ్చు. ఎందుకని అడిగితే చాట్‌లో ముందే రాసిపెట్టిన జవాబొకటి వస్తుంది. ఆ రోజుతో జీవనాధారం పోయినట్టే. ఇంత అజమాయిషీ చేసే సంస్థలు మాత్రం వీళ్లు తమ ఉద్యోగులు కారని, సొంతంగా పని చేసుకునేవాళ్లని వాదిస్తున్నాయి. ఈ వాదన నిలవదన్నది మా స్పష్టమైన అభిప్రాయం.

ఉద్యోగి కాదన్న ఒక్క మాటతో కనీస వేతనం, జీతంతో సెలవు, ప్రమాద పరిహారం అన్నీ ఎగిరిపోతాయి. బండి, పెట్రోలు, ఫోను ఖర్చు కార్మికుడిదే. ఆర్డర్ కోసం రోడ్డు పక్కన కాచుకుని కూర్చున్న గంటలకు పైసా రాదు. ఉబర్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో సరిగ్గా ఈ వాదననే తిప్పికొట్టింది. కాగితం మీద ఏం రాసుకున్నారన్నది కాదు, పెత్తనం నిజంగా ఎవరిదన్నదే చూడాలంది. డ్రైవర్లను కార్మికులుగా గుర్తించి, యాప్ తెరిచి తమ ప్రాంతంలో రైడ్‌కు సిద్ధంగా ఉన్న సమయాన్నీ పనివేళగానే లెక్కగట్టింది.

నచ్చినప్పుడు పనిచేసే వెసులుబాటు పోతుందని సంస్థలు భయపెడుతున్నాయి. ఆ వెసులుబాటు కోసమే వచ్చేవాళ్లు ఉన్న మాట నిజం. కానీ వేళలు కార్మికుడే ఎంచుకోవడానికి కనీస వేతనం ఎలా అడ్డవుతుంది? అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఇలాంటివాళ్లను ఉద్యోగులుగా చూడాలన్న 2019 నాటి చట్టం నుంచి తప్పించుకోవడానికి 2020 ప్రజాభిప్రాయ సేకరణలో సంస్థలు 20 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించాయి. భారత్ 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో వీళ్లకు చోటిచ్చి, సంస్థల వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమానికి కేటాయించాలంది. మంచిదే. అయితే సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి బయటివాళ్లుగానే నిర్వచించింది. నిధి ఆసరా ఇస్తుందేమో కానీ, ఐడీ ఎందుకు ఆపారని నిలదీసే హక్కునివ్వదు.

అసలు చిక్కు రుజువు దగ్గరే ఉంది. ఆర్డర్ల లెక్కలు, రేటింగ్ సూత్రాలు సంస్థ సర్వర్లలో ఉంటాయి. కార్మికుడి చేతిలో మిగిలేవి కొన్ని స్క్రీన్‌షాట్లు. వాటితో కోర్టులో నెగ్గుకురావడం ఎలా? యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఆదేశం ఈ రుజువు భారాన్ని కొంత సంస్థల వైపు తిప్పింది. సంస్థ అదుపు ఉందనడానికి ఆధారాలు కనిపిస్తే ఉద్యోగ సంబంధం ఉన్నట్టే భావిస్తారు. లేదని నిరూపించాల్సింది సంస్థే. ఖాతా ఆపే నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా మనిషే తీసుకోవాలి. స్పెయిన్ అయితే 2021లోనే పని పరిస్థితులను ప్రభావితం చేసే అల్గారిథం (యాప్ నిర్ణయాలు తీసుకునే లెక్క) ప్రమాణాలను కార్మిక ప్రతినిధులకు చెప్పాలని చట్టం చేసింది. ఆ రెండింటినీ కలిపి అమలు చేయడం ఏ ప్రభుత్వానికీ అసాధ్యమేమీ కాదు.

యాప్‌ల ద్వారా సాగే ఇలాంటి ప్లాట్‌ఫాం పనిపై, కట్టుబడి తీరాల్సిన అంతర్జాతీయ ఒప్పందం కావాలని 2025 జూన్‌లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సు నిర్ణయించింది. ఎదురుచూసే సమయానికి వేతనం, ఐడీ ఆపితే రాతపూర్వక కారణం, మనిషి వినే అప్పీలు అన్న హామీలను ప్రభుత్వాలు దాని కోసం కాచుకోకుండా ముందే తమ చట్టాల్లోకి తేవాలి.