ముందు తుఫాను, వెనక కాన్వాయ్

తుఫానుకు ముందు జనాన్ని తరలించడం మహా విద్య అని అమెరికావాళ్లు అనుకుంటారు, పాపం. 2005 సెప్టెంబరులో రీటా తుఫాను వస్తోందంటే హ్యూస్టన్ చుట్టుపక్కల 25 లక్షల మందికి పైగా ఒక్కసారే కార్లెక్కారు. పెట్రోలు అయిపోయి కార్లు దారిలోనే ఆగిపోయాయి. ఎదురు లేన్లను కూడా ఊరి బయటికే తిప్పేసరికి గంటలు గడిచాయి. వృద్ధులను తీసుకెళ్తున్న బస్సుకు నిప్పంటుకుని 23 మంది పోయారు. గాలికి పోయినవాళ్ల కంటే పరుగులో పోయినవాళ్లే ఎక్కువ.

మనకా బెంగ లేదు. కవిటి నుంచి భోగాపురం దాకా ఉత్తరాంధ్ర తీరంలో చాలామందికి కార్లే లేవు. పోవాల్సింది కూడా రెండు మూడు కిలోమీటర్ల అవతలి హైస్కూలుకో, తుఫాను షెల్టర్‌కో. ఇంత చిన్న పనిని ఎంత పెద్దది చేయవచ్చో ప్రపంచానికి చూపించే అవకాశం మనకే దక్కింది.

1,200 మంది ఉన్న చేపల వేటగాళ్ల ఊరు ఒకటి అనుకుందాం. ఆర్టీసీ బస్సులో మూటాముల్లెతో 40 మంది పడతారు. అంటే 30 ట్రిప్పులు. ఎక్కడానికి 20 నిమిషాలు, పోవడానికి 15, దిగడానికి 10, తిరిగి రావడానికి 15. ట్రిప్పుకు గంట చొప్పున అయిదు బస్సులకు ఆరు గంటలు. కాగితం మీద ఇంతే. కానీ ఊరి రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు, బస్సు వెడల్పు రెండున్నర. రెండు బస్సులు ఎదురుపడితే ఎవరు వెనక్కి తగ్గాలో డ్రైవర్లు తేల్చుకునేలోపు బంగాళాఖాతమే వచ్చి తేలుస్తుంది. అయిదూ కలిసే రావాలి, కలిసే పోవాలి. రెండో దారుంటే ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి. ఇందుకు ఊరి మొగలో వాకీటాకీతో ఒక్క హోంగార్డు చాలు. ఒక్కడితో అయ్యే పని కాబట్టి ఎవరికీ పట్టదు.

పైగా టీవీలో చెప్పేది తీరం దాటే సమయం. బస్సును ఊపే గాలి అంతకు గంటల ముందే మొదలవుతుంది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి తుఫానుకు ముందురోజు వెలుగుండగానే ఊరు ఖాళీ కావాలి, అంటే మొదటి బస్సు మధ్యాహ్నం పన్నెండుకే కదలాలి. మనం నాలుగు దాకా సమీక్షా సమావేశంలో ఉంటాం. ఆ తర్వాత టముకు వేస్తే ముసలమ్మ అడుగుతుంది: "గేదెనొగ్గీసి నానెలగొస్తాను బాబూ?" ప్రణాళికలో గేదెకు కాలమ్ లేదు. పొద్దున్నే చెప్పుంటే పలుపు విప్పి మెరకకు తోలేసి, ఆమే ముందు బస్సెక్కేది.

ఊరంతా పడమటికి పోతుంటే తూర్పుకు పోయే ట్రాఫిక్ ఇంకొకటి. బైకుకు ముగ్గురు చొప్పున కళింగపట్నం అలలు చూడ్డానికి. వీళ్లను బీచ్‌లో ఆపుతాం, అక్కడ తిరిగే చోటు లేక బస్సులకు అడ్డంపడతారు. ఆపాల్సింది వెనక జంక్షన్‌లో.

గాలి పోయాక అసలు పండగ. ఉద్దానం రోడ్ల మీద కొబ్బరిచెట్లు అడ్డంగా పడుకుంటాయి. పవర్ రంపాలు సిద్ధంగానే ఉంటాయి, పెట్రోలే ఉండదు. కరెంటు లేక బంకులో పంపు తిరగదు. లీటరు పెట్రోలుకు యంత్రాన్ని బట్టి 20 నుంచి 40 మిల్లీలీటర్ల టూటీ (టూ-స్ట్రోక్ ఇంజన్) ఆయిల్ కలిపి ముందురోజే డబ్బాల్లో నింపుకోవాలని స్టోర్ రిజిస్టరులో రాసి ఉండదు. కొబ్బరి పీచుకు, ఇసుకకు గొలుసు గంటల్లో మొద్దుబారుతుంది, రెండో గొలుసు జిల్లా కేంద్రంలో ఉంటుంది. రెండు కొనలూ ఆనుకుని పడ్డ మానును పైనుంచే కోసుకుంటూ పోతే రంపం బిగుసుకుపోతుంది. పైన కొంచెం గంటు పెట్టి, మిగతాది కిందినుంచి కోయాలి. అన్నిటికంటే ముందు లైన్‌మన్ వచ్చి ఫీడర్, అంటే ఆ ఊళ్లకు కరెంటు తెచ్చే లైను, ఆపామని చెప్పాలి. ఎవరింట్లో జనరేటరు తిరుగుతోందో కూడా చూడాలి, దాని కరెంటు వెనక్కి లైనెక్కితే చచ్చిన తీగ బతుకుతుంది.

ముందు ఒక్క లేను తెరిచి 108 పోనివ్వాలి, తర్వాత నీళ్ల ట్యాంకరు, కరెంటు స్తంభాల లారీ. అసలు జరిగే వరుస వేరు. ఒక్క లేను తెరుచుకోగానే పరామర్శ కాన్వాయ్ వస్తుంది. స్తంభాల లారీని పక్కకు దింపమంటారు. వానకు నానిన మార్జిన్‌లో లారీ ఇరుసు దాకా దిగిపోతుంది. దాన్ని లాగడానికి జేసీబీ కావాలి. జేసీబీ అప్పటికి హెలిప్యాడ్ చదును చేస్తూ ఉంటుంది.