పార్టు మార్చే ముందు మీటర్ పెట్టండి

కడపలో పదిహేనేళ్లు దాటిన కారు తీసుకుని ఏ షెడ్డుకైనా పోండి. బానెట్ ఎత్తకముందే ఒక మాట వినిపిస్తుంది: "పాత బండి కదన్నా, ఇట్లనే ఉంటాది." స్టార్ట్ కాకపోయినా అదే మాట, వేడెక్కినా అదే మాట, ఏసీ వేయగానే ఇంజను వణికినా అదే మాట. దాని వెనకాలే ఇంకోటి వస్తుంది: "ఫలానాది మార్చి చూద్దాం." నా కోపమంతా దీని మీదే. చూసి మార్చాలి గానీ, మార్చి చూడటమేంది? ఆ చూసే ఖర్చు ఎవరిది?

నా దగ్గరున్నది 2006 మోడల్ మారుతి 800. ఆ కారు తయారీ 2014లోనే ఆపేశారు, అయినా పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి. మొన్న చలికాలంలో పొద్దున పూట సెల్ఫ్ నీరసంగా తిరగడం మొదలైంది. షెడ్డులో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు. దానికి ఏడాది కూడా కాలేదంటే, "అయితే సెల్ఫ్ మోటార్ పోయింటాది" అన్నారు. ఆ రెండు తీర్పుల మధ్య ఆ మనిషి చేసిన పరీక్ష ఏమిటయ్యా అంటే, కీ తిప్పి చప్పుడు వినడం.

బండి ఇంటికి తెచ్చి మల్టీమీటర్ తీశాను. ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందల రూపాయలకు దొరికే మామూలు డిజిటల్ మీటర్. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. ఫుల్ ఛార్జ్ అన్నమాట. అదే 12 దగ్గరికి దిగి ఉంటే దాదాపు ఖాళీ అయినట్టు. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, మా వాణ్ణి కీ తిప్పమన్నాను. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 11 దగ్గరే నిలబడింది. బ్యాటరీ నిజంగా పోయుంటే ఆ సమయంలో తొమ్మిదిన్నర కంటే కిందికి జారిపోవాలి. జారలేదు. అంటే బ్యాటరీ మీద నింద తప్పు.

అసలు పరీక్ష దీని తర్వాతే. మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్ మొల మీద పెట్టాలి, క్లాంపు మీద కాదు, సీసపు మొల మీదే. ఎర్ర వైరు ఇంజను లోహానికి ఆనించాలి. మళ్లీ సెల్ఫ్ కొట్టాలి. ఆ రెండిటి మధ్య సున్నాకు దగ్గరగా రావాలి, 0.2 దాకా ఉన్నా పర్వాలేదు. నాకు 1.7 వచ్చింది! బ్యాటరీ ఇస్తున్న దాంట్లో అంత వాటా మోటారుకు చేరకుండా దారిలోనే పోతోంది. బ్యాటరీ మైనస్‌ను ఇంజనుకు కలిపేది ఎర్త్ వైరు. గేర్‌బాక్స్ దగ్గర దాని బోల్టు విప్పితే దాని కింద తుప్పు, నూనె, దుమ్ము కలిసి నల్లగా అట్ట కట్టి ఉంది. ముందు బ్యాటరీ మైనస్ తీసేసి, ఎమరీ పేపర్‌తో వైరు కన్నునూ దాని కింది లోహాన్నీ మెరిసేదాకా రుద్ది బిగించాను. మళ్లీ మీటర్ పెడితే 0.1. ఖర్చు ఎమరీ పేపర్ ముక్క.

ఇందులో మాయేం లేదు. సెల్ఫ్ మోటార్ వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంత కరెంటు పోయే దారిలో పిసరంత అడ్డం ఉన్నా వోల్టేజీ అక్కడే అరిగిపోతుంది. చిన్న బల్బు మాత్రం అదే దారిలో బ్రహ్మాండంగా వెలుగుతుంది. అందుకే టెస్ట్ ల్యాంప్ ఆనించి "కరెంట్ వస్తాంది కదా" అంటే సరిపోదు. లోడ్ పడినప్పుడు కొలిచిందే లెక్క.

షెడ్డు వాళ్లను ఇంత తిడుతున్నాను గానీ, న్యాయంగా మాట్లాడితే వాళ్లకు ఈ అలవాటు నేర్పింది మనమే. అరగంట కూర్చుని ఎర్త్ లోపం పట్టుకున్న మనిషి మూడొందలు అడిగితే "తుడిచినందుకు మూడొందలా?" అంటాం. అదే నాలుగు వేల పార్టు వేసి, దాని మీద లేబర్ తీసుకుంటే నోరు మెదపకుండా ఇస్తాం. బుర్రకు డబ్బులివ్వం, డబ్బాలో వచ్చే సామానుకు ఇస్తాం. ఇక వాడు బుర్ర ఎందుకు పెడతాడు?

మన ఊరికి ప్రత్యేకమైన రోగం ఇంకోటుంది. థర్మోస్టాట్ వాల్వ్ పీకేయడం. "మన ఎండలకు వాల్వ్ ఎందుకన్నా, తీసేస్తే ఇంజను సల్లగా ఉంటాది" అంటారు. ఇంజనుకు కావాల్సింది చల్లదనం కాదు, సరైన వేడి. ఆ వాల్వ్ మీదే చాలావాటికి 82 అనో 88 అనో డిగ్రీలు కొట్టి ఉంటుంది. ఆ వేడి వచ్చేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలకుండా ఆపడమే దాని పని. పీకేస్తే ఇంజను వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, ఈలోగా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు, అరుగుదల పెరుగుతుంది. పైగా ఓవర్ హీట్‌కు అసలు కారణం వేరే అయితే అది అట్లాగే ఉండిపోతుంది. వాల్వ్ మీద అనుమానముంటే తీసి, గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి వేలాడదీసి స్టవ్ మీద వేడి చేయండి. దాని మీద రాసున్న వేడికి అటూఇటూగా తెరుచుకుంటే అది బాగున్నట్టే. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు, రేడియేటర్ నీళ్లలో కలిపే కూలెంట్ విషం. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పాత గిన్నె అడుక్కోవడం మంచిది.

ఇంతకీ ఆ అసలు కారణం ఎక్కడుంది? చాలాసార్లు బోరు నీళ్లలో. మన నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో గీజర్ కాయిల్ తీసి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అవే నీళ్లు రేడియేటర్‌లో పోస్తూ పోతే సన్నటి గొట్టాల్లో తెల్లగా పొర కట్టి దారి మూసుకుపోతుంది. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం కలిపి పోయడానికి అయ్యే ఖర్చు ఎంతని? రేడియేటర్ విప్పించి, గొట్టాల్లో పూడిక పోవడానికి రాడ్డు కొట్టించడం కంటే చాలా తక్కువ.

వేడెక్కే బండి ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం సమాధానం దొరుకుతుంది. ఏడు రోడ్ల కూడలి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడి చూపే ముల్లు పైకి లేచి, రోడ్డెక్కి వేగం అందుకోగానే దిగిపోతే అనుమానం ఫ్యాను మీద పెట్టుకోవాలి. ఊళ్లో బాగుండి, రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు లేస్తే రేడియేటర్ పూడిక, కూలెంట్ తగ్గడం, హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) వైపు చూడాలి. కార్బొరేటర్ కాలం బండ్లలో ఫ్యాను పరీక్ష మరీ తేలిక. రేడియేటర్ దగ్గరున్న రెండు వైర్ల థర్మో స్విచ్ ప్లగ్ ఊడదీసి, కీ ఆన్ చేసి, ఆ రెండు వైర్లనూ కలపండి. ఇంజను వేడెక్కినా తిరగని ఫ్యాను ఇప్పుడు తిరిగితే స్విచ్ పోయినట్టు. తిరగకపోతే ఫ్యూజో, రిలేనో, వైరింగో, మోటారో. చేతులూ చున్నీలూ ఫ్యానుకు దూరంగా పెట్టుకోండి, అంతే. ఘాట్‌లో బండి ఆపి వేడి మీద రేడియేటర్ మూత తిప్పేవాళ్లను ఇప్పటికీ చూస్తుంటాను. లోపల ఒత్తిడి ఉన్నంతవరకు ఆ నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు, మూత తీయగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. అరగంట ఆగితే పోయేదేముంది? గువ్వలచెరువులో కోవా తినండి.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే బండ్లకు కూడా ముందు అంటగట్టేది కొత్త బ్యాటరీనే. అన్నీ ఆపి, కీ తీసి, బ్యాటరీ మైనస్ విప్పి, మీటర్ ఎర్ర వైరును పది ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మైనస్ మొలకూ విప్పిన వైరుకూ మధ్యలో మీటర్‌ను కలపండి. సుమారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోండి, ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు. మీటర్ అట్లా ఉన్నప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజో, మీటరేనో పోతుంది. ఎక్కువసార్లు ఆ దొంగ కంపెనీ వైరింగులో ఉండడు. యాక్సెసరీస్ షాపులో వేయించిన మ్యూజిక్ సిస్టమో, సెంట్రల్ లాకో, రివర్స్ హారనో అయి ఉంటుంది. వైరు మధ్యలో కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి పంపిస్తారు. మన ఎండకు ఆ టేపు జిగురు కారిపోయి వైరు బయటపడుతుంది.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో రాగి తీగ చుట్టేవాళ్లుంటారు చూడండి, వాళ్లతో నాకు వాదన కూడా లేదు. పది ఆంపియర్ల చోట తీగ పెడితే ఈసారి కాలేది వైరింగు, ఆ తర్వాత బండి.

కొంచెం కొత్త బండ్లవాళ్లు, ఇంజను కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు. అక్కడా ఇదే కథ. పీ0171 అని కోడ్ వస్తుంది, మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. వెంటనే పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ మార్చేస్తారు. ఇంజను గాలి పీల్చే దారికి కలిసే వాక్యూమ్ గొట్టం చిట్లి ఉంటే, అది మాత్రం వెనకాల గాలి పీలుస్తూనే ఉంటుంది. కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏది కొనాలో చెప్పదు.

అన్నీ ఇంట్లోనే విప్పేయమని నేననను. బ్రేకులు, పెట్రోలు లైన్లు తెలిసినవాళ్లకే వదిలేయాలి, ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరడం అయితే అసలే వద్దు. విప్పడం వేరొకరు చేసినా, కొలత మాత్రం మన ముందు జరగాలి. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజే 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000 చేశారు. ఇక అక్కర్లేని పార్టులకు కూడా డబ్బులు పోస్తే ఈ బండ్లు ఎవరు ఉంచుకుంటారు?

ఇప్పుడు నేను వెళ్లే ఎలక్ట్రీషియన్ భాయ్‌కి మొదటి రోజే చెప్పాను, పార్టు అమ్మకపోయినా సరే, చూసినందుకు డబ్బులిస్తానని. ముందు నమ్మలేదు. ఇప్పుడు మారిపోయాడు. నేను కనిపించగానే, "మీటర్ తెచ్చినావా అన్నా? నాదాంట్లో బ్యాటరీ అయిపోయింది" అంటాడు.