ఐదు వైరస్‌లు, ముగ్గురు కాపలాదారులు

ఆ రాత్రి కరెంటు బిల్లు కడదామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద కుడివైపు కింద మూలలో ఎర్రటి పెట్టె ఒకటి ఠక్కున పైకి లేచింది. ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి. వెంటనే తొలగించండి’ అంది. పక్కనే హెచ్చరికగా పుర్రె బొమ్మ.

నేను కేక వేశాను. వంటింట్లో బెండకాయలు తరుగుతున్న మా ఆవిడ తల కూడా ఎత్తలేదు.

“ఐదేనా? ఎవరు లెక్కపెట్టారట?” అంది.

ఆ ప్రశ్న దగ్గర నేను ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నా 600 రూపాయలు నా దగ్గరే ఉండేవి.

మా కంప్యూటర్ ఇంట్లో మనిషి లాంటిది. ప్రతి దసరాకూ పసుపు రాయించుకుని బొట్టు పెట్టించుకుంటుంది. మా అమ్మ పాత చీరతో కుట్టిన ముసుగు కప్పుకుని పడుకుంటుంది. దాని కడుపులో అమ్మాయి పెళ్లి ఫొటోలు, ఇంటి పన్ను రసీదులు, అన్నిటికంటే విలువైనది మా మామయ్యగారి శతకం ఉన్నాయి. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పొద్దున్నే చక్కెర లేని కాఫీ తాగి, ఆ చేదు పోకముందే కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు వేళ్లతో రోజుకొక పద్యం కొడతారు. అప్పటికి 71 పూర్తయ్యాయి. నూట ఎనిమిదికి ఇంకా 37 బాకీ.

నా అనుమానం ముందు పెన్‌డ్రైవ్ మీదికి పోయింది. అంతకుముందు వారమే దాన్ని జిరాక్సు షాపుకు తీసుకెళ్లాను. ఆ షాపు కంప్యూటర్‌కు రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు తగులుతాయో దేవుడికి తెలియాలి. ఇదివరకు ఒకసారి అక్కడి నుంచి తిరిగొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉన్నాయి. అసలు ఫైళ్లు లోపలే ఉంటాయి, కనబడకుండా దాగి ఉంటాయంతే. కానీ ఆ సంగతి తెలిసేలోపు మనిషికి సగం ప్రాణం పోతుంది. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు గడప బయటే కాళ్లు కడుక్కుంటారు. జిరాక్సు షాపు నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్‌కు ఆ పద్ధతి ఎవరూ పెట్టలేదు.

ఇంట్లో జ్వరం వచ్చిందంటే ఊరంతా వైద్యులే కదా. కంప్యూటర్ జ్వరం కూడా అంతేనని మర్నాడు తెలిసింది. ఆఫీసులో పక్క సీటాయన, “వైరస్‌లను పట్టే యాంటీవైరస్ ప్రోగ్రాము డబ్బు పెట్టి కొన్నదైతేనే పని చేస్తుందండీ, ఉచితంగా ఎవరు కాపలా కాస్తారు?” అన్నాడు. మేడ మీద వాటాలో ఉండే పెద్దాయన, “డబ్బు దండగ. నేను పదేళ్లుగా ఉచితంగా వచ్చేదే వాడుతున్నాను, ఒక్క వైరసూ రాలేదు” అన్నారు. ఆయన ఆ పదేళ్లలో కంప్యూటర్ ఎన్నిసార్లు ఆన్ చేశారో నేను అడగలేదు. మా బావమరిది ఫోన్‌లో, “కంప్యూటర్‌ను నడిపే విండోస్‌నే తీసేసి, దాని బదులు లినక్స్ వేసుకో బావా, గొడవ వదిలిపోతుంది” అన్నాడు. జలుబు చేసిందంటే ఊరు మారమని చెప్పే రకం.

నేనూ ఊరుకోకుండా కాస్త చదివి, రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారికి చెప్పాను. పీసీలకు సోకిన మొదటి వైరస్ 1986లో లాహోర్‌లో పుట్టిందనీ, ఇద్దరు అన్నదమ్ములు రాశారనీ, ఫ్లాపీల మీద ఎక్కి దేశాలు తిరిగిందనీ, అందులో వాళ్ల పేర్లు, చిరునామా, ఫోన్ నంబర్లు కూడా పెట్టారనీ.

మామయ్యగారు ముద్ద పట్టుకుని ఆగిపోయారు. “దొంగతనానికి వచ్చి చిరునామా రాసిపెట్టి వెళ్లారా?”

“వాళ్లు తయారు చేసిన ప్రోగ్రామును ఎవరో దొంగ కాపీలు తీస్తున్నారని, వాళ్లను పట్టుకోవడానికి రాశామన్నారట.”

“మర్యాదస్తులు. ఈ ఐదుగురూ ఏ ఊరివాళ్లో మనకు చెప్పలేదు చూడండి” అన్నారాయన దిగులుగా.

మూడోరోజు కంప్యూటర్ల షాపుకు వెళ్లాను. కౌంటర్ వెనక గోడ నిండా రంగురంగుల డబ్బాలు. ప్రతి డబ్బా మీదా ఒక డాలు బొమ్మ. ఏది మంచిదని అడిగితే కుర్రాడు, “అన్నీ మంచివే సార్, మీ బడ్జెట్ ఎంత?” అన్నాడు. డబ్బా మీద ముద్రించిన ధర 1,899. అతను చెప్పింది 400. నేను బేరమాడే అవకాశం కూడా ఇవ్వకుండా అంత తగ్గించేసరికి నాకు చిన్నతనం అనిపించింది. ఆ బలహీన క్షణం కనిపెట్టి, “ఇంకో 200 వేస్తే మూడు కంప్యూటర్లకు వస్తుంది సార్” అన్నాడు. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. అయినా తీసుకున్నాను. ఒక చీర కొనడానికి వెళ్లి మూడు తెచ్చిందని మా ఆవిడను నేను ఎన్నిసార్లు అన్నానో, ఇంటికి చేరేదాకా ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది.

డబ్బా తెరిస్తే లోపల ఒక కార్డు. దాని మీద వెండిపూత గీకితే రహస్య సంఖ్య వస్తుంది. రూపాయి బిళ్లతో గీకాను. ఉత్సాహం ఎక్కువై పూతతో పాటు కొన్ని అక్షరాల ఒళ్లు కూడా లేచిపోయింది. అది ఎనిమిదో బీయో, సున్నాయో ఓయో పోల్చుకోలేని స్థితి. మామయ్యగారు పంచాంగం చదివే భూతద్దం తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. ఆయన చదువుతారు, నేను కొడతాను. పొరపాటు రాకుండా అక్షరానికొక ఊరి పేరు చెబుతానన్నారు.

“ఎన్, నెల్లూరు. జి, గుంటూరు. ఏడు. బి, బాపట్ల. టి, తెనాలి.”

చక్కగా సాగుతోంది. రైలులో కూర్చున్నట్టే ఉంది. అంతలో ఆయన ఆగిపోయారు. కళ్లు మూసుకున్నారు. ఉభయ రాష్ట్రాలూ మనసులో చుట్టివచ్చినట్టున్నారు.

“క్యూ...” అన్నారు చివరికి, “తిరుమల.”

నేను టి కొట్టాను.

‘ఈ సంఖ్య చెల్లదు’ అంది కంప్యూటర్. మళ్లీ మొదటి నుంచి నెల్లూరు, గుంటూరు, బాపట్ల. మళ్లీ తిరుమల. మళ్లీ టి. మూడోసారీ చెల్లదనేసరికి షాపు కుర్రాడు మోసం చేశాడని ఇద్దరం తీర్మానించాం. మా ఆవిడ వచ్చి భుజం మీదుగా కార్డు వైపు చూసి, “అక్కడ క్యూ ఉంటే మీరు టి కొడతారేమిటండీ?” అంది.

“తిరుమల అన్నారు కదా మీ నాన్నగారు.”

“తిరుమలలో ఉండేది క్యూయే కదటయ్యా!” అన్నారు మామయ్యగారు. ఆయన నన్ను ‘అయ్యా’ అనడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

ఎలాగో కాపలాదారు కొలువులో చేరాడు. ఆకుపచ్చ టిక్కు పెట్టి ‘మీరు సురక్షితం’ అన్నాడు. ఆ మాట చదివి ఊపిరి పీల్చుకునేలోపే కుడివైపు మూలలో ఎర్ర పెట్టె లేచింది. ఇప్పుడు వైరస్‌లు ఏడు.

డబ్బు తీసుకున్నవాడి చేత కాలేదంటే మేడ మీది పెద్దాయన మాటే నిజమన్నమాట. ఉచితంగా వచ్చేదాన్ని కూడా దింపుకుని వేశాను. ఒకరికి ఇద్దరైతే దొంగ ఎటు పోతాడని నా ధీమా.

దొంగ సంగతేమో గానీ, మేం ఎటూ పోలేకపోయాం. మా వీధిలో ఒకప్పుడు ఇద్దరు గూర్ఖాలు ఒకే రాత్రి కాపలాకు వచ్చారు. ఒకరు ఈల వేస్తే అది దొంగను చూసి వేసిన ఈల అనుకుని రెండోవారు పరుగెత్తడం, ఆ పరుగు చూసి మొదటివారు కర్ర తీయడం. తెల్లవార్లూ ఎవరికీ నిద్ర లేదు. కంప్యూటర్ లోపల సరిగ్గా అదే జరుగుతోంది. నేను ఒక ఫొటో తెరవబోతే, తనిఖీకి మొదటివాడు దాన్ని పట్టుకుంటాడు. వీడెందుకు పట్టుకున్నాడని రెండోవాడు తనిఖీ మొదలుపెడతాడు. పెళ్లి ఫొటోలో పెళ్లికూతురు తల కనబడి, మెడలోని దండ వచ్చేసరికి నా టీ చల్లారింది. పైగా ప్రతి కాపలాదారు దగ్గరా దొంగలను గుర్తుపట్టే ఆనవాళ్ల చిట్టా ఉంటుంది. ఆ చిట్టా చూసి రెండోవాడు, ఇన్ని దొంగల గుర్తులు దాచుకున్నవాడు దొంగ కాక ఎవడని మొదటివాణ్ణి అనుమానించాడు.

అసలు ప్రళయం మర్నాడు పొద్దున వచ్చింది. మామయ్యగారు కాఫీ తాగి 72వ పద్యానికి కూర్చున్నారు. తెలుగు పడటం లేదు. ‘శ్రీ’ కొడదామంటే ఎస్, ఆర్, ఐ వస్తున్నాయి. వెళ్లి చూస్తే డబ్బు పెట్టి తెచ్చుకున్న కాపలాదారు ఒక విజయ ప్రకటన చేసి ఉన్నాడు: అనుమానాస్పదమైన ప్రోగ్రామును పట్టుకుని క్వారంటైన్‌లో పెట్టాడట. మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ అది గమనిస్తోందట.

అది మామయ్యగారి తెలుగు కీబోర్డు. నొక్కిన అక్షరం గమనించకపోతే అది తెలుగెలా రాస్తుంది? సంకేత పదాలు కాజేసే దొంగలూ అదే పని చేస్తారు గనుక ఇదీ దొంగే అని వాడి తర్కం. ఈ లెక్కన ఉక్తలేఖనం రాసిన పిల్లలందరినీ జైల్లో వేయాలి.

“2020లో నన్ను 14 రోజులు గదిలో పెట్టారు, సరే అన్నాను” అన్నారు మామయ్యగారు వణికే గొంతుతో. “ఇప్పుడు నా తెలుగును పెట్టారు.”

ఆయన ఆ పూట టిఫిను తినలేదు. ఇక లాభం లేదని హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయికి వీడియో కాల్ చేశాను. తను అక్కడి నుంచే మా కంప్యూటర్‌ను చేతిలోకి తీసుకుంది. బాణం గుర్తు దానంతట అదే కదులుతుంటే మామయ్యగారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

“నాన్నా, ఇన్ని ఎందుకు వేశావు? విండోస్‌తో పాటే ఒకటి వస్తుంది. విండోస్ 8 వచ్చిన 2012 నుంచీ అది లోపలే ఉంటోంది.”

“మరి అది ఏం చేస్తోందమ్మా?”

“నువ్వు కొత్తది తేగానే తప్పుకుంది.”

నిజమే, ఇంటికి పెళ్లివారు వస్తే పెద్దాయన ఎవరికీ చెప్పకుండా మంచం అరుగు మీద వేసుకున్నట్టు. అమ్మాయి ఇద్దరు కొత్తవాళ్లనూ సాగనంపగానే ఆయన లోపలికి వచ్చి తన చోట తాను కూర్చున్నాడు. కీబోర్డు చెర నుంచి బయటపడింది. మొత్తం తనిఖీ చేయిస్తే ఒక్క వైరసూ లేదు.

“మరి ఆ ఏడు?”

“అవి లోపల లేవు నాన్నా. అది ఏదో వెబ్‌సైటు పంపుతున్న ప్రకటన. మన కంప్యూటర్‌లో ఏముందో దానికి తెలియనే తెలియదు. నొక్కితే ఇంకో నకిలీ మందు అంటగడుతుంది. నొక్కలేదు కదా?”

“నేను ఆరోజే అడిగాను, ఎవరు లెక్కపెట్టారని” అంది వంటింట్లోంచి మా ఆవిడ.

అమ్మాయి బ్రౌజర్ సెట్టింగులు తెరిచింది. నోటిఫికేషన్లు పంపడానికి మా ఇంట్లో అనుమతి పొందిన వెబ్‌సైట్లు పదకొండు. వరుసలో మొదటిది పంచాంగం దింపుకున్న చోటు. గదిలో కాసేపు నిశ్శబ్దం.

“ఎవరో వచ్చి, ‘మీకు సమాచారం పంపవచ్చా’ అని అడిగారమ్మా” అన్నారు మామయ్యగారు భూతద్దం తుడుచుకుంటూ. “పంపమన్నాను. అంత మర్యాదగా అడిగితే కాదని ఎలా అంటాం?”

“పదకొండు మందినీ అలాగే అన్నావా తాతయ్యా?”

“అందరూ మర్యాదగానే అడిగారు.”

అమ్మాయి పదకొండింటినీ తీసేసింది. ఎర్ర పెట్టె మళ్లీ రాలేదు. నా మూడు కంప్యూటర్ల కార్డును మేడ మీది పెద్దాయనకు ఇవ్వబోతే, “నాకెందుకండీ, నాది బాగానే ఉంది” అని రెండు చేతులూ అడ్డం పెట్టారు. అది ఇప్పుడు పంచాంగంలో గుర్తుగా ఉంటోంది.

నిన్న పొద్దున కాఫీ అయ్యాక మామయ్యగారు ముందు గదిలోంచి పిలిచారు. 75వ పద్యానికి ఏదో మాటకు అర్థం వెతుకుతున్నారట.

“అల్లుడుగారూ, ఇక్కడ ఎవరో కుకీలు తీసుకుంటారా అని అడుగుతున్నారు.”

నేను టవలుతోనే పరుగెత్తాను. “ఏం నొక్కారు మామయ్యగారూ?”

“నాకు షుగరు కదా. అన్నీ తిరస్కరించాను.”