దానికీ 24 కన్నాలే, దీనికీ 24 కన్నాలే

సర్వర్లని, వాటి డేటా ఉండే స్టోరేజీతో కలిపే నెట్‌వర్క్ స్విచ్ కొనాలంటే ముందు అకౌంట్స్ పెద్దాయన్ని ఒప్పించాలి. ఆయన రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, బొమ్మల్లోని పోర్టుల్ని పెన్నుతో లెక్కపెట్టారు. "దానికీ 24 కన్నాలే, దీనికీ 24 కన్నాలే. దీనికి అంత రేటెందుకండీ?"

జవాబు పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు, అదీ చిక్కు. '48 గిగాబిట్ల కెపాసిటీ' అని మాత్రం రెండింటి మీదా పెద్దక్షరాల్లో ఉంది. ఉండక ఏం చేస్తుంది? 24 గిగాబిట్ పోర్టుల్ని రానూ పోనూ కలిపి లెక్కేస్తే ఎవరికైనా 48 వస్తుంది. అసలు తేడా లోపలుండే ప్యాకెట్ బఫర్‌లో, అంటే దారి ఖాళీ అయ్యేదాకా డేటా ముక్కలు (ప్యాకెట్లు) ఆగే జాగాలో ఉంటుంది. దాని సైజు డేటాషీట్ అడుగున ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

"నాలుగు బిందెలు ఒకేసారి ఒక్క గరాటులో ఒంపితే ఏమవుతుంది సార్?" అన్నాను. నాలుగు సర్వర్లు ఒకే స్టోరేజీ పోర్టు మీద పడితే జరిగేది అదే. బఫర్ చాలకపోతే ప్యాకెట్లు ఒలికిపోతాయి. డేటా చేరిందో లేదో చూసుకునే టీసీపీ వాటిని మళ్లీ పంపుతుంది, కాదనను. కానీ టైమవుట్ దాకా వెళ్లిందంటే లైనక్స్‌లో మామూలుగా కనీసం 200 మిల్లీసెకన్లు ఆగాలి. మిల్లీసెకను లోపే జవాబిచ్చే ఎస్‌ఎస్‌డీకి అది ఓ యుగం.

పెద్దాయన అంతా శ్రద్ధగా విని, "ఒకేసారి ఒంపకండి మరి" అని చౌకదాని మీద సంతకం పెట్టేశారు.

పగలంతా బాగానే నడిచింది. రాత్రి బ్యాకప్ మొదలవగానే సర్వర్ల లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు, అదే వర్చువల్ మెషీన్లు, ఒక్కొక్కటీ కొయ్యబారిపోవడం మొదలెట్టాయి. స్టోరేజీ వాళ్లు సర్వర్లని, సర్వర్ల వాళ్లు స్టోరేజీని తిట్టుకున్నారు. మూల కూర్చున్న స్విచ్ పచ్చలైట్లు మిటకరిస్తూ ఏమీ ఎరగనట్టుంది.

అప్పుడు మా టీంలో కుర్రాడొకడు ఉత్సాహం ఆపుకోలేక స్టోరేజీలోనూ సర్వర్లలోనూ ఎంటీయూ (ఒక్క విడతలో పంపగల ప్యాకెట్ సైజు, బైట్లలో) 9000 పెట్టాడు. మధ్యలో స్విచ్ ఒకటుందని, అది మాత్రం ఇంకా 1500 దగ్గరే ఉందని అతనికి తట్టలేదు. ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కుని అందించే పద్ధతి) లాగిన్ అయింది, డిస్క్ కనిపించింది. పెద్ద ఫైల్ కాపీ పెడితే మాత్రం గీత సున్నా దగ్గర పాతుకుపోయింది. "పింగ్ వెళ్తోంది కద సార్!" అంటాడు. వెళ్లకేం, అవతలివాడు ఉన్నాడా అని పలకరించే గుప్పెడు బైట్ల పింగ్ అది. ముక్కలు చేయొద్దని షరతు పెట్టి 8972 సైజుతో కొట్టు నాయనా అన్నాను. 9000లో హెడర్లకి 28 పోతే మిగిలేది అదే. కొట్టాడు. టైమవుట్, టైమవుట్, టైమవుట్. స్విచ్ ఆ పెద్ద ఫ్రేముల్ని పల్లెత్తు మాట లేకుండా పారేస్తోంది.

అది సర్దాక రెండు కేబుళ్లని ఒకే లింకుగా కలిపే ఎల్‌ఏసీపీ కట్టమని సేల్స్ అబ్బాయి సలహా. వేగం రెట్టింపన్నాడు. ఒక ఐస్కజీ కనెక్షన్ వెళ్లేది ఒకే తీగ మీద, కాబట్టి సెకనుకు 115 మెగాబైట్ల దగ్గరే ఆగింది. రెండో తీగ హాయిగా పడుకుంది. ఆ పనికి ఉన్నది, రెండు దారుల్లోనూ విడివిడి కనెక్షన్లు నడిపే మల్టీపాత్. సేల్స్ అబ్బాయి చెప్పడు, మనమే చదువుకోవాలి.

చివరికి ఏదో డేటాసెంటర్లో రిటైరైన 10 గిగాబిట్ స్విచ్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. బడ్జెట్ తక్కువైతే నా ఓటు ఎప్పుడూ దీనికే. కొత్త చౌకదానికంటే పాత గట్టిది మేలు. కాకపోతే ముందు, కేబుల్ తగిలించడానికి పోర్టులో దూర్చే మాడ్యూళ్ల పేచీ వచ్చింది. వేరే కంపెనీ మాడ్యూల్ పెడితే ససేమిరా అంది. దానికి నచ్చిన కాపర్ మాడ్యూల్ తెచ్చి కాసేపు నడిపి బయటికి లాగితే వేళ్లు చుర్రుమన్నాయి. ఊదుకుంటూ అది పక్కన పడేసి రెండు చివర్లా మాడ్యూళ్లు అతికించే వచ్చే డ్యాక్ కేబుళ్లు వేశాం. దగ్గర దూరాలకి అవే చవక, వేడీ ఉండదు.

పవర్ ఇచ్చేటప్పుడు పెద్దాయన తన డబ్బు ఏమైందో చూద్దామని సర్వర్ గదిలోకి వచ్చారు. వెనకాల నిలబడవద్దని చెప్పేలోపే ఆ బుల్లి ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడులో లేచాయి. ఆయన చేతిలోని కాగితాలు ఎగిరిపోయాయి. ఆయన ఏదో అడుగుతున్నారు, నోరు కదులుతోంది కానీ ఒక్క ముక్క వినబడదు. బూటయ్యాక ఫ్యాన్లు నెమ్మదించాయి.

"ఇది పాడైతే?" అన్నారు, చెవులు రుద్దుకుంటూ.

"అందుకే స్టోరేజీకి రెండు ఉండాలంటారు సార్."

"రెండోది కూడా ఇలాగే అరుస్తుందా?"

"ఇలాగే సార్."

కాసేపు ఆలోచించి రెండో స్విచ్ కొటేషన్ మీద మారుమాట్లాడకుండా సంతకం పెట్టారు. కింద తన చేత్తో ఇంకో లైను చేర్చారు: 'సర్వర్ గదికి దళసరి తలుపు, అర్జెంట్.'