సవరణ: అసుకాలో లోపలికి వెళ్లగలిగేది చక్రవర్తి సమాధి కాదు

జపాన్‌లోని అసుకా గ్రామం గురించి ఇంతకుముందు రాసినదానిలో, తెన్ము చక్రవర్తి సమాధి దిబ్బలోని రాతిగదిలోకి సందర్శకులు వెళ్లవచ్చని ఉంది. అది సరికాదు. టికెట్టు తీసుకుని లోపలికి దిగగలిగేది ఇషిబుతాయి. పైమట్టి పోయి పెద్ద బండలు బయటపడిన ఆ సమాధి సోగా నో ఉమాకో అనే మంత్రిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

తెన్ము దిబ్బ వేరు. 686లో మరణించిన ఆయన పక్కనే, తర్వాత సింహాసనమెక్కిన ఆయన భార్య జితో అస్థికలనూ ఉంచారు. జపాన్ పాలకుల్లో మొదట దహన సంస్కారం జరిగింది ఆమెకే. 1235లో దొంగలు చొరబడి, ఆ అస్థికలున్న వెండి పాత్రను కూడా ఎత్తుకుపోయారు. అంత అవమానం జరిగిన చోటును ఇప్పుడు రాజకుటుంబ వ్యవహారాల సంస్థ మూసి కాపాడడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. తోరీ ద్వారం ముందు నిలబడి నమస్కరించవచ్చు. దిబ్బ ఎక్కడానికి అనుమతి లేదు.